ఫుల్‌స్టాపు పెట్టని పెద్దమనిషి

మొన్న చిలకలూరిపేట బస్టాండులో సోడా తాగుతుంటే పాత ఊరి మనిషొకడు నన్ను గుర్తుపట్టి, "సెమీకోలన్ పంతులుగారు పోయారండీ" అన్నాడు. అంతే. అనేసి తన సోడా తను తాగి అద్దంకి బస్సు వెనకాల పరిగెత్తాడు.

మనిషి పోయాడన్న బాధ ఒకటి. ఆ వార్త అంత పొట్టిగా వచ్చిందన్న బాధ ఇంకొకటి. ఆయనే గనక తన చావు కబురు తను రాసుకుని ఉంటే, ఏం జబ్బు, ఎన్నాళ్లు మంచం పట్టారు, ఏ వైద్యుడు ఏ మాత్ర ఏ పూట తప్పుగా ఇచ్చాడు, పాడె మోసిన నలుగురిలో పొట్టివాడెవరు, వాడి మూలంగా పాడె ఎటు ఒరిగింది, ఆ ఒరగడం చూసి ఎవరు నవ్వారు, అంతా ఒక్కటంటే ఒక్క వాక్యంలో ఇమిడ్చేవారు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి చదివేవాడి పెద్ద దినం కూడా వెళ్లిపోయేది.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. తెలిసినా రాయను. రాస్తే ఆ ఊరివాళ్లే "ఈయనెవరో" అనుకుంటారు. పోస్టుమాను సైతం ఆ పేరుతో ఉత్తరం వస్తే రెండు రోజులు ఊరంతా తిరిగి, మూడోరోజు చిరునామాదారు లేడని వెనక్కి పంపాడట. "సెమీకోలన్ పంతులు, తాలూకా కచేరీ వరండా" అని రాస్తే మాత్రం కనిగిరి నుంచి వేసినా మర్నాటికి చేరేది. కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లా. మాది గుంటూరు జిల్లా. తోక ఉన్న చుక్కకి జిల్లా సరిహద్దులు లేవు.

ఇంగ్లీషు రాని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. సెమీకోలన్ అంటే పైన చుక్క, కింద కామా. దాన్ని ఎవరు కనిపెట్టారో గానీ, దాన్ని పెట్టడం తెలిసినవాడు మా తాలూకాలో ఒక్కడే ఉండేవాడు. ఆయన కచేరీ వరండాలో దక్షిణపు కొస స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, రైతులకి ఇంగ్లీషు అర్జీలు టైపు కొట్టి ఇచ్చేవారు. ఆయన ముందు ఒక టైపు మిషను. ఈస్టిండియా కంపెనీ దొర ఓడ దిగుతూ చంకలో పెట్టుకొచ్చింది అదేనని నా అనుమానం. అందులో రెండు అక్షరాలు ఎప్పుడో రాలిపోతే వాటిని కలంతో దిద్దేవారు. సెమీకోలన్ మీట మాత్రం పెళ్లికూతురి ముక్కుపుడకలా తళతళలాడేది.

మిగతా అక్షరాలన్నీ రెండే రెండు వేళ్లతో, కోడి నూకలు ఏరినట్టు కొట్టేవారు. సెమీకోలన్ దగ్గరికి వచ్చేసరికి ఆగేవారు. కుడిచేతి చిటికెన వేలిని పైపంచెతో తుడిచేవారు. దాన్ని గాల్లోకి లేపేవారు. వరండాలో చుట్టలు ఆగేవి, కబుర్లు ఆగేవి, కచేరీ గంట కొట్టే బంట్రోతు కూడా సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. అందుకే మా కచేరీలో పన్నెండు గంటలు ఒక్కోరోజు పన్నెండుంబావుకి కొట్టేవాళ్లు.

టక్.

"పడింది" అనేవాడు అర్జీదారు.

"పడిందిరోయ్" అనేవాళ్లు చుట్టూ ఉన్నవాళ్లు.

ఆ సెమీకోలన్లు ఎన్ని పడాలో ఆయన తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయించేవారు కాదు. దానికొక శాస్త్రం ఉంది. అర్జీదారుని ఎదురుగా కూర్చోబెట్టి, వాడి బాధ మొదటినుంచి చివరిదాకా నోటితో చెప్పించేవారు. తను కళ్లు మూసుకుని వినేవారు. ఒక చేతిలో పత్తి గింజలు, ముందు ఒక ఇత్తడి గిన్నె. చెప్పేవాడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా గిన్నెలో ఒక గింజ వేసేవారు. బాధ పూర్తయ్యాక గిన్నెలో ఎన్ని గింజలుంటే అర్జీలో అన్ని సెమీకోలన్లు. చిట్టచివర, సంతకానికి పైన, తప్పదు గనక ఒక్క ఫుల్‌స్టాపు. అది కూడా అయిష్టంగా, మీటని వేలితో తాకీ తాకనట్టు కొట్టేవారు. కొన్ని అర్జీల్లో అది పడేదే కాదు.

"ఎందుకండీ పంతులుగారూ, మధ్యలో ఒక్క ఫుల్‌స్టాపైనా పెడితే చదివేవాడు బతుకుతాడు గదా?" అని ఒకసారి అడిగాను.

"చుక్క పెడితే ఆఫీసరు కాఫీకి లేస్తాడోయ్. మళ్లీ వచ్చి కూర్చున్నాక నీ అర్జీ మీద కాఫీ కప్పు పెడతాడు. తోక ఉందనుకో, ఆగుతాడు గానీ లేవలేడు."

అప్పటికి నేను ఆ కచేరీలో టపాలు తీసుకునే గుమాస్తాని. బి.ఏ. ప్యాసై, ఇంగ్లీషు మొత్తం నా జేబులో ఉందని నమ్మి, ఆ జేబు తడుముకుంటూ తిరిగే రోజులు. చేరిన మొదటి వారంలోనే అర్జీలు తీసుకునే వేళల గురించి ఒక ప్రకటన ఇంగ్లీషులో తయారుచేసి, అందం కోసం ఒక సెమీకోలన్ గుచ్చి, నోటీసు బోర్డుకి అంటించాను. మధ్యాహ్నం చూద్దును గదా, ఆయన బోర్డు ముందు నిలబడి ఉన్నారు. పక్కన పాతికమంది రైతులు, శవాన్ని చూస్తున్నట్టు.

"ఏమోయ్ బి.ఏ.! ఇటు రా. ఈ సెమీకోలన్ ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

ఆయన నా వాక్యంలో ఎడమవైపు సగాన్ని బొటనవేలితో మూసేశారు. "ఇప్పుడు ఈ మిగిలిన ముక్క చదువు. తన కాళ్ల మీద తను నిలబడుతుందా?"

చదివాను. మిగిలింది 'సెలవు దినాలలో తప్ప' అన్న ముక్క.

"నిలబడదండీ."

"చూశావా మరి. కాడికి ఒకవైపు ఒంగోలు గిత్తని కట్టావు, రెండోవైపు మేకపిల్లని కట్టావు. బండి ఎటు పోతుంది?"

"కాలవలోకండీ."

"అందులో కూర్చున్నది మీ తాసీల్దారు. ఆయన పేరు కిందేగా ఉంది?"

రైతులు ఘొల్లున నవ్వారు. వాళ్లలో ఒక్కడికి కూడా ఏ, బీ రావు. అయినా నా సెమీకోలన్ తప్పని అందరికీ అర్థమైంది. నా బి.ఏ. ఎందుకూ పనికిరాదని కూడా అర్థమైంది. ఆ రోజు నుంచి నా పేరు కూడా పోయింది, "బి.ఏ. గారు" అయ్యాను. బోర్డు మీది ప్రకటన నేనే చించి, కామా పెట్టి, కొత్తది అంటించాను.

కానీ ఆయన చెప్పినంత బాగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదని ఒప్పుకోవాలి. "కామా అంటే ఉమ్మడి కాపురం, ఒకే కంచంలో చేతులు. ఫుల్‌స్టాపు అంటే పంపకాలైపోయాయి, మధ్యలో గోడ లేచింది. సెమీకోలన్ అంటే అన్నదమ్ములకి పొయ్యిలు వేరు, వీధిగుమ్మం ఒకటే. ఎవడి వంట వాడు వండుకోగలడు. అయినా ఒకడింటికి చుట్టం వస్తే రెండోవాడు కూడా లేచి నిలబడతాడు" అనేవారు. ఆ తర్వాత ఎందరో ప్రొఫెసర్ల వ్యాకరణాలు తిరగేశాను. ఇదే సంగతిని వాళ్లు నాలుగు పేజీలు చెప్పారు, చుట్టం మాట లేకుండా.

ఇక రైతుల సంగతి. సెమీకోలన్లు వాళ్లకి పరువు సమస్య. మిరపకాయల బస్తాల మీద కూర్చుని ఇలా మాట్లాడుకునేవాళ్లు:

"ఒరేయ్, మా కాలవ అర్జీకి పంతొమ్మిది పడ్డయ్యిరా."

"ఓస్, మా పశువుల దొడ్డి అర్జీకి ఇరవై ఒకటి."

"దొడ్డికి ఇరవై ఒకటా? అందులో గొడ్లెన్ని?"

"గొడ్లు మూడే. బాధ ఎక్కువ."

అర్జీ తయారయ్యాక ఆయన దాన్ని ఇంగ్లీషులోనే బిగ్గరగా చదివి వినిపించేవారు. ప్రతి సెమీకోలన్ దగ్గరా గొంతు ఒక మెట్టు దించేవారు. దిగేకొద్దీ వినేవాడి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. పక్కవాళ్లు ముక్కు చీదేవాళ్లు. ఒకసారి ఎద్దు తప్పిపోయిన అర్జీ చదువుతుంటే, ఆ ఎద్దుని దొంగిలించినవాడు జనంలోనే నిలబడి వింటూ తట్టుకోలేక ఒప్పేసుకున్నాడని చెబుతారు. నేను నమ్మను. కానీ ఎద్దు దొరికిన మాట నిజం.

ఇంత ప్రతిభ ఉన్న మనిషి అర్జీలు మా కచేరీకి బోలెడు రావాలి గదా? రావు. టపా పుస్తకంలో నేను చూసుకుంటే, వరండాలో పది తయారైతే నా బల్ల మీదికి నాలుగు వచ్చేవి. మిగతా ఆరు ఏమైపోతున్నాయో, అద్దంకి దగ్గర ఒక మిరప రైతు ఇంటికి పెళ్లి భోజనానికి వెళ్లినప్పుడు గాని తెలియలేదు. నడవలో దేవుడి పటాల పక్కన అద్దం కట్టించిన టైపు కాగితం ఒకటి వేలాడుతోంది. బంతిపూల దండ కూడా వేశారు. దగ్గరికెళ్లి చూశాను. పొలానికి దారి ఇప్పించమని సబ్ కలెక్టరుకి పెట్టుకున్న అర్జీ. దాని మీద తేదీకి ఆరేళ్లు నిండాయి.

"ఇది కచేరీలో ఇవ్వలేదా మామా?" అన్నాను.

"ఇస్తే మాకేం మిగులుద్దయ్యా?" అన్నాడాయన, నా తెలివితక్కువకి జాలిపడుతూ.

"మరి దారి?"

"దారిదేముంది, గట్ల మీద నడుస్తన్నాం గదా."

వచ్చి ఈ సంగతి పంతులుగారికి ఫిర్యాదు చేసినట్టు చెప్పాను. ఆయన బాధపడతారనుకున్నాను. మీసం కింద చిరునవ్వు పాకింది. "అద్దం ఏ సైజుదోయ్?" అన్నారు.

ఇలా నవ్వుతూ ఉన్న మనిషికి ఒక వేసవిలో మస్తాన్‌బీ తగిలింది.

మస్తాన్‌బీ దూది ఏకేది. పరుపులకి, బొంతలకి ఊరంతా ఆమె ఏకిన దూదే. మొగుడు పోయాక అతను దూది ఏకిన విల్లు ఆమె అందుకుంది. మిరపకాయల మార్కెట్టు పక్కనే చిన్న ఇల్లు. దానికి తలుపు తప్ప ఒక్క కిటికీ లేదు. గాలి తగిలితే దూది ఎగిరిపోతుంది గనక దూది పనికి అలాంటి ఇల్లే కావాలి. ఇంట్లో దూది ఏకేవాళ్లకి ఊళ్లో ఇంకెవరూ ఇల్లు అద్దెకివ్వరు. ఆ ఇల్లు పోతే పని పోయినట్టే. ఆ ఇంటికే ఎసరొచ్చింది. మార్కెట్టులోకి లారీలు రావడానికి దారి వెడల్పు చేయాలని, సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి, సరిగ్గా ఆమె ఇంటి మీదుగా గీత గీశాడు. పక్కనే బారెడు ఖాళీ జాగా ఉంది. కానీ అందులో తుమ్మచెట్లున్నాయి. తుమ్మచెట్లు కొడితే ముళ్లు గుచ్చుకుంటాయి. ఇల్లు కొడితే ఏమీ గుచ్చుకోదని సర్వేయరు శాస్త్రం. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా ఇచ్చుకోవాలని నోటీసు అంటించారు, ఆమె చదవలేని ఇంగ్లీషులో, ఆమె తలుపుకే.

ఆమె వరండాకి వచ్చి పంతులుగారి ముందు కూర్చుని చెప్పుకుంది. గిన్నెలో ఇరవై మూడు గింజలు పడ్డాయి. అర్జీ ఎంత బాగా వచ్చిందంటే, నేను కూడా లోపల్నుంచి లేచొచ్చి విన్నాను. నా చేతకాని తెలుగులో అందులో ఒక తునక ఇది: "కిటికీ లేకపోవుట అర్జీదారు పేదరికము కాదు; అది ఆమె వృత్తిధర్మము; గాలికి ఎగిరిపోవు సరుకుపై బతుకువారు గాలికి దారి ఇవ్వరు; లారీలకు దారి ఇచ్చు ప్రభువులు ఈ భేదమును గ్రహింతురుగాక;". బొటనవేలితో ఎటు మూసినా రెండోవైపు నిటారుగా నిలబడింది.

మస్తాన్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక్క ముక్క అర్థం కాలేదు పంతులయ్యా. కానీ నా బాధ నాకే కొత్తగా ఇనిపించింది" అంది. అర్జీని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తెల్లగుడ్డలో చుట్టుకుని వెళ్లింది.

పదిహేనో రోజు పొద్దున టపా పుస్తకం చూశాను. ఆమె అర్జీ లేదు. వరండాలోకి పరిగెత్తాను.

"పంతులుగారూ, మస్తాన్‌బీ అర్జీ రాలేదండీ."

"రాకపోవడమేమిటి? ఇరవై మూడు పడ్డాయి."

"పడింది మీ మిషను మీదండీ. నా బల్ల మీద పడలేదు."

ఆయన మీసం కింద ఆ పాత చిరునవ్వు మెల్లిగా మొదలైంది. "దాచుకుందన్నమాట" అన్నారు. సగం దూరం పాకాక ఆ నవ్వు ఆగింది. "గడువెప్పటికి?"

"ఇవాళ సాయంత్రం ఐదింటికండీ. రేపు పలుగులు పట్టుకుని మనుషులొస్తారు."

పంచె ఎగ్గట్టి లేచారు. ఆయన పనివేళల్లో ఆ స్తంభాన్ని వదలడం నేను చూడటం అదే మొదలు. స్తంభం పడిపోతుందేమోనని వెనక్కి తిరిగి చూశాను కూడా.

మస్తాన్‌బీ లోపల దూది ఏకుతోంది. మేం గుమ్మంలో అడుగుపెట్టగానే ఇద్దరికీ చెరో ఎనిమిది తుమ్ములొచ్చాయి. ఆమె విల్లు పక్కన పెట్టింది.

"అర్జీ ఇవ్వలేదేమ్మా?" అన్నారు పంతులుగారు.

"ఇద్దామనే వచ్చాను పంతులయ్యా, ఆ మూడోరోజే. ఇదిగో, ఈ అబ్బయ్యే!" అని నా వైపు చెయ్యి చూపించింది. "నా ముందు నిలబడ్డ రైతు కాయితం తీసుకుని, దాన్ని కనీసం చూడనన్నా చూడకుండా, ఇనప ఊచకి కసుక్కున గుచ్చాడు. సరిగ్గా నడుం మీద. మీరు చిటికెన వేలు తుడుచుకుని తుడుచుకుని కొట్టిన తోక మీద! నా కడుపులో దిగినట్టయింది. తిరిగొచ్చేశాను."

వచ్చిన కాగితాలన్నీ ఊచకి గుచ్చడం కచేరీ ఆచారం. తెల్లదొరల నుంచి మాకు వారసత్వంగా దక్కిన ఆస్తి అదొక్కటే. పంతులుగారు నా వైపు చూసిన చూపు ఆ ఊచకంటే వాడిగా ఉంది.

"నీది గుచ్చనులే అమ్మా" అన్నాను.

"నువ్వు గుచ్చకపోతే నీ పైవాడు గుచ్చుతాడు. కచేరీలో ఎవర్ని గుచ్చకుండా వదిలారు గనక?"

"మస్తాన్‌బీ, ఆ కాగితం ఇవ్వకపోతే రేపు ఇల్లు కొట్టేస్తారమ్మా" అన్నారు పంతులుగారు.

"కొడితే కొట్టనీయండి. నాకొక ఇల్లుండేదని చెప్పుకోటానికైనా ఆ కాయితం నా దగ్గరుండాలా వద్దా?"

  కార్బన్ పెట్టి రెండు కాపీలు తీసుంటే ఈ గొడవ ఉండేది కాదని నేను గొణిగాను. "కార్బన్‌లో తోక అలుక్కుపోయి బల్లిపిల్లలా కనిపిస్తుందోయ్" అని గద్దించారు. ఆ ఇంటికి మూడిన సమయంలో కూడా ఆయనకి బల్లిపిల్లే అడ్డొచ్చింది.

వరండాకి తిరిగొచ్చి, ఎండలో మాడుతూ, మళ్లీ మొత్తం అర్జీ కొట్టడం మొదలుపెట్టారు. మస్తాన్‌బీ ఎదురుగా కూర్చుంది. ఆయన రెండు వేళ్ల కోడి నూకలు ఏరుతూ ఏరుతూ నాలుగు గంటలకి పూర్తి చేసింది. పాత ఇరవై మూడుకి తోడు ఆయన చెయ్యి ఊరుకోక ఇంకొకటి వేశారు. ఇరవై నాలుగు. మస్తాన్‌బీ అందుకుని, అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది దానికంటే బాగుంది పంతులయ్యా."

"బాగుంటే తీసుకెళ్లి లోపల ఇచ్చెయ్యమ్మా."

"ఇయ్యటమేంది? సింగరాయకొండలో మా చెల్లెలుంది. దానికి ఇట్టాంటిదొకటి లేదు" అని కొంగున ముడేసుకుంది.

నాలుగున్నర. బంట్రోతు అప్పుడే ఒక కిటికీ మూశాడు.

 పంతులుగారు పక్కనున్న చిత్తు కాగితాల్లోంచి ఒకవైపు వాడేసిన కాగితం తీసి, నలిగిన మూల సరిచేయకుండానే మిషనులోకి తోశారు.

"బి.ఏ., నువ్వు అటు తిరుగు."

"ఎందుకండీ?"

"తిరగమన్నానా?"

తిరిగాను. వెనక టకటక మొదలైంది. ఎక్కడా ఆగలేదు. వేలు తుడుచుకున్న చప్పుడు లేదు. "పడింది" అన్నవాడు లేడు. ఆముదం తాగేవాడు గుటకకి గుటకకి మధ్య చేసే మూలుగులాంటిది మాత్రం తొమ్మిదిసార్లు వినిపించింది. పది నిమిషాల్లో అయిపోయింది. తొమ్మిదే వాక్యాలు. 'నేను దూది ఏకుతాను. ఇది నా ఇల్లు. దీనికి కిటికీ లేదు. దూదికి గాలి పడదు. ఇలాంటి ఇల్లు నాకు ఇంకెవరూ ఇవ్వరు. మీ దారి దీని మీదుగా పోతోంది. పక్కన ఖాళీ జాగా ఉంది. అందులో తుమ్మచెట్లు తప్ప ఎవరూ లేరు. వచ్చి చూడండి.'

మస్తాన్‌బీ ఆ కాగితాన్ని వేళ్ల కొసలతో పట్టుకుంది.

"ఇదేంది పంతులయ్యా, అమ్మవారు పోసినట్టు అన్నీ చుక్కలే. తోకలేయి?"

"లేవమ్మా."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు."

ఆమె ఆయన మొహంలోకి జాలిగా చూసింది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగాలేదమ్మా."

"పోనీండి. ఇదైతే ఇచ్చెయ్యొచ్చు."

దాన్ని ఎనిమిది మడతలు పెట్టి, వక్కాకు పొట్లంలా చేసి, నా వెనకాలే లోపలికొచ్చి బల్ల మీద పడేసింది. "గుచ్చు అబ్బయ్యా. గట్టిగా గుచ్చు" అంది. గుచ్చాను. ఐదు కావడానికి ఐదు నిమిషాలుంది. అభ్యంతరం అందింది గనక పలుగులు ఆగాయి. విచారణకి సబ్ కలెక్టరే వస్తాడని కబురొచ్చింది.

వారం తిరక్కుండా ఆయన వచ్చి, కచేరీ ముందు పందిరి కింద కూర్చున్నాడు. ఉత్తరదేశం మనిషి, ముప్పై ఏళ్లు నిండలేదు. మన భాషలో ఆయనకి వచ్చిన మాటలు మూడు: రండి, కూర్చోండి, కుదరదు. తాలూకా అంతా వచ్చి కూర్చుంది. పంతులుగారు ముందువరసలో, ఉతికిన పైపంచెతో, తన అర్జీలు ఒక్కొక్కటీ చదవబడుతుంటే విందామని కూర్చున్నారు. దొర వాటిలో మొదటిది పదింటికి అందుకున్నాడు. పదింబావుకి మొదటి పేజీలో క్రియ కోసం వెతికాడు. పదిన్నరకి పేజీ తిప్పి వెతికాడు. తర్వాత మొదటి పేజీకి తిరిగొచ్చి, తను మొదలుపెట్టింది ఎక్కడో వెతుక్కున్నాడు. నుదుటి మీద చెమట. పంతులుగారు నా చెవిలో, "చూశావా, లేవలేకపోతున్నాడు" అన్నారు. నిజమే, లేవలేదు. మూడు అర్జీలు అలా చదివి, మూడింటికీ "కుదరదు" అన్నాడు.

నాలుగోది మస్తాన్‌బీది. ఎనిమిది మడతలు, మధ్యలో ఊచ చేసిన చిల్లి. దొర విప్పి, అర నిమిషంలో చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు. లేచి నిలబడ్డాడు. "వచ్చి చూడండి" అంటే నిజంగా వెళ్లి చూడాలనుకునే పిచ్చి ఉద్యోగం తొలిరోజుల్లోనే ఉంటుంది. జనమంతా వెంటరాగా నడిచి వెళ్లి, వంగి ఆ ఇంట్లో దూరాడు. లోపల్నుంచి తుమ్ములు లెక్కలేనన్ని వినిపించాయి. బయటికొచ్చేసరికి నల్లటి జుట్టు, కనుబొమ్మలు, మీసం తెల్లగా నెరిసిపోయి, ఉద్యోగ విరమణకి సిద్ధంగా ఉన్న కలెక్టరులా ఉన్నాడు. తుమ్మచెట్లు చూశాడు. సర్వేయరుని చూశాడు. గీత పక్కకి జరపమన్నాడు. ఇల్లు నిలిచింది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. దూది దులుపుకుంటూ ఆ కాగితం పైకెత్తి, "ఇది రాసిందెవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

తాలూకా మొత్తం పంతులుగారి వైపు తిరిగింది. పంతొమ్మిది పడ్డవాళ్లు, ఇరవై ఒకటి పడ్డవాళ్లు, నడవలో దండ వేసి పెట్టుకున్నవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. ఆయన మెడ మీద చెమట కారడం నేను చూశాను. దొర చేతిలో ఉన్నది ఆయన చేతి రాత కాకపోయినా, రాలిపోయిన రెండు అక్షరాలు కలంతో దిద్దినవే. ఇంకొక్క అడుగు దగ్గరికొస్తే ఎవరైనా పోల్చేస్తారు.

నా మెడ మీద ఒక చెయ్యి పడింది. నేను ముందుకి వెళ్లాను. వెళ్లలేదు, తోయబడ్డాను.

"ఈ కుర్రాడు సార్. బి.ఏ." అన్నారు పంతులుగారు.

దొర నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "సంతోషం. ఈ తాలూకాలో ఇంగ్లీషు తెలిసినవాడు ఒక్కడున్నాడు" అన్నాడు. అది పంతులుగారికి వినపడేంత దగ్గరగానే అన్నాడు. పాపం ఆయనకి ఇంగ్లీషు బాగా తెలుసు. ఆ ఒక్క మాట ఆయన మొహం మీద ఊచలా దిగడం చూశాను. అయినా కదల్లేదు. నా మెడ మీది చెయ్యి కూడా తియ్యలేదు.

ఆ కరచాలనం మూడు నెలల తర్వాత నాకు గుంటూరు కలెక్టరు కచేరీలో ముసాయిదాలు రాసే కుర్చీ అయింది. దాని మీద కూర్చునే ఇన్నాళ్లూ తిన్నాను. నేను రాయని తొమ్మిది వాక్యాలకి దక్కిన ఉద్యోగం ఇదని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయారు గనక చెబుతున్నాను.

దొర జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లాక, ఆ ఇంటి ముందు మేం ముగ్గురం మిగిలాం. మస్తాన్‌బీ నా దగ్గరికొచ్చింది.

"కొట్టింది పంతులయ్యే అయినా, ఆ చుక్కల కాయితం చెప్పి కొట్టించింది నువ్వంట గదా?"

నేను పంతులుగారి వైపు చూశాను. ఆయన తుమ్మచెట్ల వైపు చూస్తున్నారు.

"అవునమ్మా."

"దాని మొహం చూస్తేనే గుండె జారిపోయింది నాకు. ఇల్లు పోయినట్టేనని కూర్చున్నా. పంతులయ్య రాసింది పెట్టెలో ఉండబట్టి సరిపోయింది గానీ, నీ కాయితాన్ని నమ్ముకునుంటే ఏమైపోయేదాన్ని?"

నేనేదో అనబోయాను. పంతులుగారు నా భుజం తట్టారు. ఆమె వైపు తిరిగి, ఎంతో పెద్దమనసుతో, "ఏమనకమ్మా. చిన్నవాడు, నేర్చుకుంటాడు" అన్నారు.

ఆ మాట ఎంత నిజాయితీగా అన్నారంటే, ఆ కాగితం నిజంగా నేనే రాశానేమోనని సిగ్గుతో చచ్చిపోయాను.